మౌనికి వచ్చిన జబ్బు

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఒత్తులు అక్కడక్కడ జారిపోయి ఉంటాయి, ఒక్కో పేజీకి ఒక్కో పూట పడుతుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి. కథ మాత్రం తిన్నగానే చెబుతాను.

ఆ ఉదయం మౌని వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ప్రాక్టికల్ క్లాసుకు వెళ్లాలి. మధ్యాహ్నం అందరూ భోజనాల హాలు దగ్గర తోసుకుంటున్నప్పుడు మంచం కింద సర్దిపెట్టుకున్న సంచి తీసుకుని పక్క గేటు గుండా బయటపడాలి. బస్సెక్కి ఇంటికి వెళ్లిపోవాలి. ఇక ఈ నర్సింగ్ కాలేజీ మొహం చూడకూడదు. క్లాసు ఎగ్గొడితే ట్యూటరమ్మ వెంటనే ఇంటికి ఫోన్ చేస్తుంది కాబట్టి ఆ ఒక్క క్లాసూ తప్పదు. తాను లేనని ఎవరికైనా తెలిసేసరికి చీకటి పడుతుంది. ఆమె అంచనా ప్రకారం అప్పటికీ తెలియకపోవచ్చు.

మౌని ఆమె అసలు పేరు కాదు. చేరి మూడు నెలలైనా "ఉన్నాను మేడమ్" తప్ప ఆమె నోట మరో మాట రాలేదు కాబట్టి క్లాసువాళ్లు ఆ పేరు పెట్టారు. పెట్టిన కొద్దిరోజులకు ఆ పేరుతో పిలవడం కూడా మానేశారు. ఆమె చివరి బెంచీలో గోడవైపు కూర్చునేది. హాస్టల్లో గోడవైపు మంచం. వాన పడితే గోడ చెమ్మగిల్లి దుప్పటి అంచు తడిసేది. మంచం కాస్త ఇవతలికి జరపమని పక్కవాళ్లను అడగాలంటే నోరు తెరవాలి. అందుకని తడిసిన అంచును కాళ్లవైపు తిప్పుకుని పడుకునేది.

ప్రాక్టికల్ గదిలో రోగి స్థానంలో ఒక రబ్బరు బొమ్మ ఉండేది. ముందురోజు ఎవరో దాన్ని ఒత్తిగిలించబోయి మెడలోని మర ఊడగొట్టారు. ఒళ్లు పైకప్పును చూస్తుంటే, తల దిండును చూస్తోంది.

"ఈ రోజు పాఠం, స్పృహ లేని రోగికి సేవ," అంది ట్యూటరమ్మ, ఆ బొమ్మ వంక చూడకుండా. "మొహం తుడవడం, తల దువ్వడం, పక్క మార్చడం. బొమ్మను చంపేశారు కాబట్టి మీలో ఒకరు పడుకోవాలి. కళ్లు తెరవకూడదు, కదలకూడదు, నోరు విప్పకూడదు. రోగి నోరు విప్పిందో, సేవ చేసే ఇద్దరి మార్కులూ హుష్‌కాకి. అలా పడుకోగలిగింది ఎవరే మీలో?"

క్లాసంతా వెనక్కి తిరిగింది. ఈ మూడు నెలల్లో అందరూ మౌనిని చూడడం అదే మొదటిసారి. వాళ్లు ఒక్క గొంతుతో ఎన్నుకున్నది కూడా ఆమెనే.

సేవ చేయడానికి మిగిలినవాళ్లు ఇద్దరు. ఒకతె నిచ్చెన. ఆ పిల్ల ఎంత పొడుగంటే, ఆమెతో కలిసి స్ట్రెచర్ మోస్తే రోగి జారి కిందికొస్తుందని ఎవరూ జతకట్టేవారు కాదు. రెండో ఆమె ప్లీడరు. ఆమె ప్రతిదానికీ వాదిస్తుంది. వాన పడుతోందంటే "పడడం వేరు, చినకడం వేరు" అంటుంది. అందుకని ఆమెతోనూ ఎవరూ జతకట్టరు. వీళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమేమీ లేదు. మిగిలిపోయారు కాబట్టి జత అయ్యారు.

మౌని పడుకుంది. కళ్లు మూసుకుంది. ట్యూటరమ్మ పర్యవేక్షణ మొదలుపెట్టేలోగా ఆఫీసు నుంచి పిలుపు వచ్చి వెళ్లిపోయింది. ఆమె వెనకే మిగతా క్లాసంతా వరండాలోకి జారుకుంది.

నిచ్చెన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి మొహం తుడిచింది. తర్వాత జడ విప్పి, దువ్వెన పెట్టింది. చిక్కు తగిలినచోట లాగకుండా, కుదుళ్ల దగ్గర వేళ్లతో పట్టుకుని, కొసల నుంచి మెల్లగా దువ్వుతోంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారి చెవుల్లోకి దిగాయి.

"ఏయ్ ప్లీడరూ, పేషెంటు ఏడుస్తోందే," అంది నిచ్చెన.

"స్పృహ లేనివాళ్లు ఏడవరు. పుస్తకంలో ఎక్కడా లేదు."

"కళ్లెమ్మట నీళ్లు కారుతుంటే?"

"కారడం వేరు, ఏడవడం వేరు. నువ్వు పిండకుండా తుడిచుంటావు."

"పిండాను తల్లీ! చూడు, తుడిచినకొద్దీ వస్తున్నాయి. ఇదిగో పిల్లా, ఏమైంది నీకు? నొప్పిగా ఉందా?"

మౌని పలకలేదు. పలికితే వాళ్ల మార్కులు పోతాయి. ఏ పాపమూ ఎరగని ఇద్దరు పిల్లల మార్కులు పోగొట్టి వెళ్లిపోవడం ఆమెకు ఇష్టం లేదు. పైగా నోరు తెరిస్తే మాట రాదు, ఏడుపే వస్తుంది.

"ఉండు, తేలుస్తాను," అని ప్లీడరు వంగి, ఆమె చేతి దండమీద గట్టిగా గిల్లింది. మౌని పళ్లు బిగించుకుంది, కదల్లేదు. ప్లీడరు మొహంలో రంగు పోయింది.

"గిల్లినా కదల్లేదే! నేను గిల్లితే మా అన్నయ్యలు వీధిలోకి పరిగెడతారు. ఇది నిజంగానే స్పృహ తప్పింది."

"అయ్యో! ఇప్పుడెలాగే?"

"స్ట్రెచర్ పట్టు. నువ్వు అటు, నేను ఇటు."

ఆసుపత్రి ఆవరణకు అవతల ఉంది. నిచ్చెన కాళ్లవైపు ఎత్తింది, ప్లీడరు తలవైపు. నిచ్చెన ఎత్తుకు కాళ్లు ఆకాశానికి, తల నేలకు వెళ్లాయి. ఒంట్లోని రక్తమంతా దిగివచ్చి మౌని మొహం ఎర్రగా కందిపోయింది. దారిలో వాన అందుకుంది. తడిసిన బట్టలకు గాలి తగిలి ఒళ్లు వణకడం మొదలుపెట్టింది. మార్కుల కోసం మౌని వణుకును ఆపాలని చూసింది. దాంతో అది దవడలోకి చేరి పళ్లు టకటక కొట్టుకున్నాయి.

అత్యవసర విభాగంలో కుర్ర డాక్టరు నిద్రలేక కళ్లు పీక్కుపోయి ఉన్నాడు. స్ట్రెచర్ చూడగానే లేచి నిలబడ్డాడు.

"మొహం అంత ఎర్రగా ఉందేంటి? ఈ వణుకేంటి? పేరు?"

"మౌని సార్," అంది నిచ్చెన.

"అసలు పేరు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎప్పుడూ వాదించే ప్లీడరు కూడా చెప్పుల వంక చూసింది.

"సరే, తిండి సరిగ్గా తింటోందా?"

"పళ్లెం ముందు కూర్చుంటుంది సార్. తినడం నేను చూళ్లేదు," అంది నిచ్చెన. "తీసుకెళ్లి అలాగే డబ్బాలో పారేస్తుంది."

"నిద్ర?"

"మా మంచాలు ఒకే వరసలో ఉంటాయి సార్. రాత్రిపూట తన మంచం ఊగుతూ ఉంటుంది. కిర్రుమని చప్పుడొస్తుంది."

"వణుకు అప్పట్నుంచే ఉందన్నమాట. చూపు?"

"ఎవరివంకా చూడదు," అంది ప్లీడరు. "గోడవంక చూస్తుంది. ఒకోసారి గోడమీద చెయ్యి పెట్టుకుని చూస్తుంది."

"మాట?"

"లేదు సార్."

"ఎప్పట్నుంచి లేదు?"

"కాలేజీలో చేరినప్పట్నుంచి."

"అంటే?"

"మూడు నెలలు సార్."

కుర్ర డాక్టరు కలం కింద పెట్టేశాడు. "మూడు నెలల నుంచి మాట పడిపోతే ఇప్పుడా తీసుకొస్తారు? మీరు నర్సులవుతారా? రేపు వార్డులో పేషెంట్లను ఇలాగే చూస్తారా?"

స్ట్రెచర్ మీద మౌని ఇదంతా వింటోంది. తన మూడు నెలల బతుకును ఎవరో జబ్బు వరసలో చదువుతున్నట్టుంది. వాళ్లు చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. మంచం ఊగడం నిజమే, గోడమీద చెయ్యి నిజమే. ఆమెను ఆశ్చర్యపరిచింది వేరే సంగతి. ఇదంతా వీళ్లు ఎప్పుడు చూశారు? చూసినవాళ్లు ఒక్కసారైనా అడగలేదేం?

కుర్ర డాక్టరు పెద్ద డాక్టరును పిలిచాడు. పెద్ద డాక్టరు వెనక ఒక సీనియర్ సిస్టరు, ఆమె వెనక ఒక ట్రాలీ వచ్చాయి. ఆయన అంతా విని, మౌని రెప్ప ఎత్తి చూసి, తల పంకించాడు.

"మెదడువాపు. అంటుకునే రకం కావచ్చు. వీళ్లిద్దరూ ముట్టుకున్నారా?"

"తల దువ్వాను సార్," అంది నిచ్చెన, చేతులు వెనక్కి దాచుకుంటూ.

"నేను ముట్టుకోలేదు సార్, గిల్లానంతే," అంది ప్లీడరు. "గిల్లడం..."

"ముగ్గుర్నీ విడివార్డులో పెట్టండి. దీన్ని ఒత్తిగిలించండి, వెన్నులోంచి నీరు తీసి చూద్దాం."

ట్రాలీ మీద ఇనుప చప్పుడైంది. మౌని కన్ను కొంచెం తెరిచింది. సిస్టరు చేతిలో సూది కనిపించింది. అంత పొడుగు సూదిని ఆమె ఒక్కసారే చూసింది, అమ్మ మంచం దగ్గర. మార్కుల సంగతి మరిచిపోయి లేచి కూర్చుంది.

"నాకేం లేదు సార్!"

మూడు నెలలు వాడని గొంతు. తుప్పుపట్టిన తలుపు తీసినట్టు వచ్చింది ఆ మాట. నిచ్చెన కెవ్వుమంది.

"చూశారా," అన్నాడు పెద్ద డాక్టరు, కుర్ర డాక్టరుతో. "మూడు నెలలు పడిపోయిన మాట ఒక్కసారిగా వచ్చింది. సంధి ప్రేలాపన. నాకేం లేదు, నాకేం లేదు అంటారు. అందరూ అలాగే అంటారు."

"నిజంగా సార్! నేను స్పృహలోనే ఉన్నాను. అది క్లాసు. పాఠం. నేను బొమ్మ బదులు పడుకున్నాను. బొమ్మకు మెడ విరిగింది."

"బొమ్మట," అన్నాడు పెద్ద డాక్టరు జాలిగా. "రాసుకోండి."

"జబ్బు కాదు సార్! మా అమ్మ పోయింది!"

పెద్ద డాక్టరు ముందుకు వంగాడు. మౌని మనసు తేలికపడింది. కనీసం ఒకరికి అర్థమైందనుకుంది.

"ఎప్పుడు పోయింది?"

"ఎండాకాలంలో."

"జ్వరం ఉండేదా?"

"చివర్లో ఉండేది సార్."

"దగ్గర ఎవరున్నారు?"

"నేనే. రెండేళ్లు నేనే చూసుకున్నాను. అదే గదిలో పడుకునేదాన్ని."

పెద్ద డాక్టరు రెండడుగులు వెనక్కి వేసి ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. "ఇంట్లోనే తగులుకుంది. తలుపు బయట గడియ పెట్టండి."

"కిడ్నీలు సార్! ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి!" అని మౌని అరిచేసరికి ఆయన సగం దూరం వెళ్లిపోయాడు.

సూది మాత్రం ఆగింది. ఆపింది ప్లీడరు. "సార్, వెన్నులో సూదంటే ఇంటివాళ్ల ఒప్పుదల కావాలి. మొన్ననే పాఠం చెప్పారు. ఒప్పుదల లేకుండా..." అని ఆమె మొదలుపెట్టగానే, ముందు రక్తపరీక్షలు చేయండని, ఆ పిల్ల తండ్రికి కబురు చేయండని ఆయన నడుస్తూనే చెప్పాడు. ఆమె వాదన అంతా వినేకంటే ఒప్పుకోవడమే తేలికనిపించింది కాబోలు.

విడివార్డు ఆవరణ చివర ఉంది. పైన రేకులు. మూడు మంచాలు, అద్దం బిగించిన తలుపు, అన్నం పళ్లెం లోపలికి తోయడానికి ఒక చిన్న కిటికీ. వాన రేకుల మీద దబదబ కొడుతోంది. ముగ్గురి బట్టలూ విప్పించి మూటకట్టి తలుపు అవతల పడేశారు. ఆసుపత్రి గౌను నిచ్చెనకు మోకాళ్ల పైకి వచ్చింది.

ముందు ప్లీడరే అందుకుంది.

"గిల్లినప్పుడైనా నోరు తెరవొచ్చుగా! ఒక్క మాట అంటే ఇదంతా ఉండేదా?"

"అంటే మీ మార్కులు పోతాయి," అంది మౌని.

"మా మార్కుల కోసమా? ఆ గిల్లుడు ఓర్చుకుంది మా మార్కుల కోసమా?" ప్లీడరు దగ్గరికి వచ్చి ఆమె చెయ్యి తిప్పి చూసింది. దండమీద నల్లగా కమిలింది. ప్లీడరు ఏమీ అనకుండా ఆ కమిలినచోట ఊదింది. గిల్లి ఇంతసేపయ్యాక ఊదితే ఏం లాభమో ఆమెకే తెలియాలి.

"మరి ఎందుకేడ్చావు?" అంది నిచ్చెన. "నేను గట్టిగా దువ్వానా?"

"కాదు. బాగా దువ్వావు." మౌని గోడవైపు తిరగబోయి, ఆగింది. "రెండేళ్లు మా అమ్మకు నేనే దువ్వాను. అలాగే, కొసల్నుంచి. నా తల ఎవరైనా దువ్వి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. పోయాక ఇంట్లో నేనూ నాన్నే. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. పొద్దస్తమానం కంటికి అద్దం పెట్టుకుని కూర్చుంటాడు. తీస్తే ఏడుస్తాడని తియ్యడు. చక్కగా చూసుకున్నావమ్మా, నర్సువవ్వు అని నన్ను ఇక్కడ చేర్చాడు. మంచం మీద ఎవర్ని చూసినా నాకు అమ్మే కనిపిస్తోంది. నావల్ల కాదు. ఇవాళ మధ్యాహ్నం వెళ్లిపోదామనుకున్నాను."

"ఎక్కడికి?"

"ఇంటికి. మళ్లీ రాకుండా."

"చెప్పకుండానా?" ప్లీడరుకు రోషం వచ్చింది.

"ఎవరికి చెప్పాలి?"

ప్లీడరు వెళ్లి మౌని పక్కన కూర్చుంది. నిచ్చెన మోకాళ్లలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "మంచం ఊగుతుంటే నాకు తెలుసే. రోజూ తెలుసు. లేచి అడుగుదామనుకునేదాన్ని. నేను లేచి నిలబడితే అందరూ నవ్వుతారని పడుకునేదాన్ని," అంది.

ఆ గదిలో వాళ్లకు మాట్లాడుకోవడం తప్ప మరో పని లేదు. నిచ్చెన కాళ్లు మంచం ఊచల్లోంచి బయటికొచ్చి రాత్రంతా చలికి నీలుక్కుపోతే, మౌని తన దుప్పటి మడతపెట్టి వాటిమీద వేసింది. ప్లీడరు తన ఇంటి సంగతి చెప్పింది. నలుగురు అన్నలు. ఆ ఇంట్లో ఆమె మొదలుపెట్టిన మాట ఒక్కటీ ఆమెను పూర్తి చేయనివ్వలేదట. "అందుకే బయట ఎవరైనా దొరికితే వదలను," అంది. ఆ పూట వాళ్లిద్దరూ ఆమెను అడ్డుకోకుండా విన్నారు. చెప్పి చెప్పి ఆమెకే విసుగొచ్చి పడుకుంది.

మర్నాడు మౌని తండ్రి వచ్చాడు. వానలో తడిసి, చేత్తో ఒక సంచి పట్టుకుని అద్దం అవతల నిలబడ్డాడు. ఆ సంచి మౌనికి తెలుసు. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లిన ప్రతిసారీ సర్దింది అదే. గ్లాసు, చెంచా, తువ్వాలు ఉంటాయి అందులో. ఆయన లోపలికి రాకూడదు, రేకుల మీద వాన మోతకు మాట వినబడదు. అద్దానికి అరచెయ్యి ఆనించి కూతుర్ని చూస్తున్నాడు.

"నేను చెబుతానుండు," అని ప్లీడరు అద్దం ముందుకు ఉరికింది. జబ్బేమీ లేదని చెప్పడానికి మౌనిని చూపించి, రెండు చేతులూ అడ్డంగా ఊపింది. డాక్టరుదే పొరపాటని చెప్పడానికి ఆకాశంవైపు వేలు చూపించింది. పెద్ద డాక్టరు పైమేడలో ఉంటాడు మరి. రిపోర్టు రాగానే ఇంటికి పంపేస్తారని చెప్పడానికి చెయ్యి గాలిలో ఎగరేసింది.

తండ్రి ఆ సైగలు చూశాడు. అమ్మాయి, అడ్డంగా ఊగిన చేతులు, ఆకాశం, ఎగిరిపోవడం. సంచి చేతిలోంచి జారింది. ఆయన గోడకు ఆనుకుని అలాగే నేలమీదికి కూలబడ్డాడు.

"ఏం చెప్పావే నువ్వు!" మౌని ప్లీడరును పక్కకు తోసి రెండు చేతులతో అద్దం బాదింది. "నాన్నా! నేను బాగున్నాను! నాన్నా! నాకేం కాలేదు! లే నాన్నా!"

ఆ కేకకు వార్డులో మందులిస్తున్న సిస్టర్లు పరిగెత్తుకొచ్చారు. పెద్ద డాక్టరు మేడ దిగి వచ్చాడు. మాట పడిపోయిన రోగి గొంతు ఆవరణ అవతలికి వినిపించాక ఆయన రోగనిర్ణయం కాస్త సడలింది. సూది మాట మళ్లీ ఎత్తలేదు. రిపోర్టులు వచ్చాక చూద్దామన్నాడు.

రిపోర్టులు ఆ మర్నాటి ఉదయం వచ్చాయి. పెద్ద డాక్టరు వాటిని రెండుసార్లు తిరగేశాడు. మౌని ఒంట్లో ఏ జబ్బూ లేదు. నిచ్చెన ఒంట్లోనూ లేదు. టైఫాయిడ్ ఉన్నది ప్లీడరుకు.

"రిపోర్టులు తారుమారయ్యాయి," అంది ప్లీడరు, మంచం మీంచి లేవకుండానే. "నాకు జ్వరమేంటి సార్? వారం నుంచి ఒళ్లు వేడిగా ఉందంటే, అది కోపం వల్ల. వేడి వేరు, జ్వరం..." అంటూ వాక్యం మధ్యలోనే కళ్లు మూసుకుంది. ఆమె తనంతట తాను వాదన ఆపడం చూసి మిగతా ఇద్దరికీ భయమేసింది.

తలుపు తెరిచారు. తండ్రి లోపలికి వచ్చి కూతురి తలమీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తీయకుండానే అన్నాడు.

"తప్పు నాదేనమ్మా. నిన్ను ఆసుపత్రిలోంచి తీసుకొచ్చి మళ్లీ ఆసుపత్రిలోనే పడేశాను. ఇంటికి పోదాం పద. నీ పక్క ఎండలో వేసి ఉంచుదామనుకున్నాను. ఎండే రాలేదు."

ఈ మాట కోసమే మౌని మూడు నెలలు ఎదురుచూసింది. ఆమె కళ్లముందు ఇల్లు మెదిలింది. ముందుగదిలో టిక్కుటిక్కుమనే గడియారాలు, వెనకగదిలో ఖాళీ మంచం, కంటికి అద్దం తీయని నాన్న. ఆయన ఒక్కడే అక్కడ ఎలా ఉంటున్నాడో ఆమె ఇన్నాళ్లూ ఆలోచించలేదు. నాన్నతో వెళ్లకపోతే ఎలా, అనుకుంది.

అప్పుడే వెనక నుంచి గొణుగుడు వినిపించింది. నిచ్చెన ప్లీడరుకు ఒళ్లు తుడవబోతోంది. కంగారులో గుడ్డ పిండడం మరిచిపోయింది. నీళ్లు ప్లీడరు మెడ వెనక నుంచి వీపులోకి పోతున్నాయి.

"అలా కాదే, పిండు ముందు," అంది మౌని. నిచ్చెన పిండబోయి గుడ్డ జారవిడిచింది. మౌని వెళ్లి గుడ్డ తీసుకుంది. గట్టిగా పిండి, నుదుటి మీద వేసి, మెడ కింద చెయ్యి పెట్టి తల కొంచెం ఎత్తింది. తడిసిన గౌను సర్ది, వీపు పొడిగా తుడిచింది. మంచం మీద ఉన్నది అమ్మ కాదు. వాదన మానేసి వేడికి మూలుగుతున్న తన ఈడు పిల్ల. ఆ సంగతి ఆమె చేతులకు ముందు తెలిసింది, తర్వాత ఆమెకు తెలిసింది.

తండ్రి మంచం కాళ్ల దగ్గర నిలబడి ఆ చేతుల్నే చూస్తున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"దీనికి తగ్గేదాకా వీలవదు నాన్నా," అంది మౌని, వెనక్కి తిరగకుండా. "దీన్ని మేమిద్దరం చూసుకోవాలి. తర్వాత పరీక్షలున్నాయి. నువ్వు ఆదివారాలు రా. నువ్వు రాకపోతే నేనొస్తాను. కంటికి ఆ అద్దం పెట్టుకుని కూర్చుంటే ఊరుకోను."

"ఎవరీ పిల్లలు?" అన్నాడాయన మెల్లగా.

"మావాళ్లే," అంది మౌని.

"నమస్తే బాబాయ్," అంది నిచ్చెన, తడిచేతులు గౌనుకు తుడుచుకుంటూ. "మీరు నిన్న భయపడింది మావల్లే. ఏమీ అనుకోకండి."

"నావల్ల కాదు, ఆయన అర్థం చేసుకోవడంలో..." అని మంచం మీంచి నీరసంగా ఒక గొంతు మొదలైంది. మౌని ఆ నోట్లో థర్మామీటరు పెట్టింది.

ఆయన కాసేపు కూర్చున్నాడు. వాన తగ్గింది కానీ మబ్బు వీడలేదు. వెళ్లొస్తానంటూ లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. ఆసుపత్రి లాండ్రీవాళ్లు ముట్టుకోబోమని తేల్చి చెప్పిన బట్టల మూట రెండు రోజులుగా అక్కడే నానుతోంది. వంగి దాన్ని భుజాన వేసుకున్నాడు.

కూతుర్ని ఇంటికి తీసుకెళదామని వచ్చిన మనిషి, ముగ్గురాడపిల్లల మాసిన బట్టలు తీసుకుని బస్సెక్కాడు.

— భూషణమ్మ, డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది, ఇప్పుడు చిన్నమ్మాయి ఇంట్లో, వంటగది పక్క గదిలో ఉంటున్నాను.